మోసుకుపోయే గూడు

నత్త తన ఇంటిని వీపున పెట్టుకొని పోతుంది. అందుకే దాని నడకకు నత్తనడక అని పేరు వచ్చింది. పక్షి గూడు కడుతుంది గాని దానిని వెంట తీసుకొనిపోదు. కొండలలోను, అడవులలోను రోజుల తరబడి కాలినడకన సంచరించే మానవుడికి ఈ రెండు జీవుల కష్టసుఖాలూ ఏకకాలంలో అనుభవానికి వస్తాయి. పగలంతా నడవాలి కనుక బరువు పనికిరాదు. రాత్రి వానను, గాలిని, చలిని తట్టుకోవాలి కనుక పైకప్పు లేకుండా వీలుకాదు. ఏ గుడారాన్ని ఎన్నుకోవాలి అనేది పైకి అంగడిలో వస్తువు కొనే ప్రశ్నగా కనిపించినా, నిజానికి అది పగటికీ రాత్రికీ మధ్య నడిచే వ్యాజ్యం. తీర్పు ఎటు మొగ్గినా రెండవ పక్షం తన నష్టపరిహారాన్ని వసూలు చేసుకోక మానదు.

సంస్కృత నిఘంటువులు గుడారానికి పటకుటి, వస్త్రవేశ్మం, దూష్యం వంటి పేర్లు చెబుతాయి. పటం అంటే బట్ట, కుటి అంటే గుడిసె. పేరులోనే వస్తువు తయారీ అంతా ఉంది. మన కావ్యాలలో రాజు దండయాత్రకు వెడలితే సాయంకాలానికి పటకుటీరాలు నగరంలా వెలుస్తాయి. వాటిని ఎవరు మోశారో, ఎంత బరువు మోశారో కవి సాధారణంగా చెప్పడు. బరువన్నదే లేకుండా హిమాలయం చేరినవాడు మనుచరిత్రలోని ప్రవరుడు. సిద్ధుడిచ్చిన పాదలేపం ఉన్నది కదా అన్న ధీమాతో, వెంటనే ఇల్లు చేరుకోవచ్చుననే ఊహతో బయలుదేరాడు. మంచు తడికి లేపం కరిగిపోయింది. కట్టుబట్టలతో కొండమీద మిగిలిపోయిన ఆ బ్రాహ్మణునికి వరూధిని ఎదురయింది గనుక కథ మరొక దారి పట్టింది. లేకుంటే ఆ రాత్రి అతని గతి ఏమయ్యేదో పర్వతారోహకులను అడిగి తెలుసుకోవలసిందే.

మోత ఎవరిది అన్న ప్రశ్న తేలకుండా బరువు ప్రశ్న పుట్టదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చేవరకు సాగిన తన కాశీయాత్రను దినచర్యగా వ్రాశారు. ఏ మజిలీలో దిగడానికి వసతి ఉన్నదో, ఎక్కడ నీరు మంచిదో ఓపికగా నమోదు చేసిన యాత్రికుడాయన. అయితే అది పల్లకి, బోయీలు, పరివారం వెంట నడిచిన యాత్ర. సామాను తేలికగా ఉండాలన్న చింత పల్లకిలోని వారికంటె దానిని మోసేవారికి ఎక్కువగా ఉంటుంది.

ఐరోపాలోనూ పరిస్థితి భిన్నంగా లేదు. ఆల్ప్స్ పర్వతాలలోని మాటర్‌హార్న్ శిఖరాన్ని 1865 జూలై 14న మొదటిసారి అధిరోహించిన బృందానికి నాయకుడు ఎడ్వర్డ్ వింపర్. వృత్తిరీత్యా కొయ్యచెక్కల మీద బొమ్మలు చెక్కే కళాకారుడు. ఆ శిఖరం కోసం చేసిన తొలి ప్రయత్నాల కాలంలోనే అతడు ఒక గుడారాన్ని స్వయంగా రూపొందించాడు. ముందు రెండు, వెనుక రెండు కొయ్య గుంజలు కత్తెరలా పైన కలుస్తాయి. నేలగుడ్డ గోడలకు కలిపి కుట్టి ఉంటుంది. నలుగురు పడుకోవచ్చు. ఆ రూపం ఎంత దృఢమైనదంటే, వింపర్ గుడారం అన్న పేరుతో అది దశాబ్దాల పాటు పర్వతయాత్రలలో నిలిచింది. దాని బరువు మాత్రం 10 కిలోలకు పైమాటే. దానిని మోసినవాడు బ్రూయి గ్రామానికి చెందిన లూక్ మెయ్నే అనే గూని మనిషి. వంగిన ఆ వీపు మీదనే గుడారపు మూట కొండల కెక్కింది. వింపర్ తన గ్రంథంలో ఆ సేవకుణ్ణి ఆప్యాయంగానే స్మరించాడు. అయినా ఒక మాట అనక తప్పదు: పడుకునేవాడు, మోసేవాడు వేరువేరుగా ఉన్నంతకాలం గుడారాలు బరువుగానే ఉన్నాయి. ఆ ఇద్దరూ ఒక్కరే అయిననాడు మనిషి త్రాసు చేతబట్టాడు.

త్రాసు చేతబట్టకుండానే ఆ లెక్క తేల్చిన స్త్రీ ఒకరున్నారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన ఎమ్మా గేట్‌వుడ్ పదకొండుమంది బిడ్డల తల్లి. భర్త పెట్టిన హింసను ముప్పై ఏళ్ళకు పైగా భరించి, చివరకు విడిపోయిన మనిషి. తూర్పు అమెరికాలో అపలేషియన్ పర్వతశ్రేణి వెంట దక్షిణాన జార్జియా నుండి ఉత్తరాన మెయిన్ రాష్ట్రం వరకు ఒక కాలిబాట ఉంది. 1954లో ఆమె ఉత్తరపు కొసన నడక మొదలుపెట్టి, దారి తప్పి, కళ్ళజోడు పగిలి వెనుదిరిగారు. మరుసటి ఏడాది దక్షిణపు కొస నుండి మళ్ళీ బయలుదేరారు. బిడ్డలతో అలా నడిచి వస్తానని మాత్రమే చెప్పారట. 1955 మే నెలలో మొదలైన ఆ నడక సెప్టెంబరులో కటాడిన్ శిఖరం మీద ముగిసింది. 146 రోజులు; ఇంచుమించు 3,300 కిలోమీటర్లు. అప్పటికి ఆమె వయస్సు 67. ఆ బాటనంతటినీ ఒంటరిగా ఒకే విడతలో నడిచిన తొలి మహిళ ఆమె.

ఆమె వెంట గుడారం లేదు. డెనిమ్ గుడ్డతో తన చేతులతో కుట్టుకొన్న సంచిని భుజాన వేసుకొన్నారు. దాని బరువు 9 కిలోలు దాటడం అరుదు. అందులో ఒక కంబళి, వానకోటు, స్నానాల గదిలో వేలాడదీసే ప్లాస్టిక్ తెర ఒకటి. వాన వస్తే ఆ తెరే ఆమె కప్పు. చలి రాత్రుల్లో బల్లపరుపు రాళ్ళను నిప్పు దగ్గర వేడిచేసి వాటి మీద పడుకొనేవారు. ఈ వృత్తాంతం విన్న యువకులు కొందరు, ప్లాస్టిక్ తెర ఉంటే చాలును గదా అని ఉత్సాహపడతారు. ఆ ఉత్సాహానికి కొంచెం కళ్ళెం వేయాలి. ఆ బాట పొడవునా అక్కడక్కడ మూడు గోడలు, ఒక కప్పు ఉన్న కొయ్య విడుదులు ఉంటాయి. బాట పల్లెల పక్కగా, పొలాల అంచుగా పోతుంది. ఆమె ఎన్నో రాత్రులు ఆ విడుదులలోను, తలుపు తట్టిన ఇళ్ళలోను, ఎవరూ చోటివ్వనప్పుడు వరండాలలోను, ఎండుటాకుల గుట్టల మీదను నిద్రించారు. ఆమె సంచి తేలికగా ఉండడానికి ఆ దారి స్వభావం ఒక కారణం. ఆమె స్వభావం రెండవ కారణం. మొదటిది మరొకచోట దొరకదు. రెండవది అంగడిలో దొరకదు.

ఆమె సహజంగా చేసిన పనిని తరువాతి తరంలో సిద్ధాంతంగా మార్చినవాడు రే జార్డిన్. వైమానిక, అంతరిక్ష రంగంలో ఇంజనీరుగా పనిచేసి, ఆ ఉద్యోగం విడిచి కొండలెక్కినవాడు. మెక్సికో సరిహద్దు నుండి కెనడా సరిహద్దు వరకు 4,200 కిలోమీటర్లకు పైగా సాగే పసిఫిక్ క్రెస్ట్ బాటను భార్యతో కలిసి పలుమార్లు నడిచాడు. 1992లో వెలువడిన అతని పుస్తకం ఆ బాటసారుల సంచులను సగానికి సగం దించింది అంటే అతిశయోక్తి కాదు. అతని వాదం లెక్కల మాస్టారు చెప్పినంత సూటిగా ఉంటుంది. గుడారం తేలికైతే దానిని మోసే సంచి గట్టిదై ఉండనక్కరలేదు, కనుక సంచీ తేలికవుతుంది. సంచి తేలికైతే కాలికి బరువైన బూట్లు అక్కరలేదు. అడుగు తేలికైతే రోజుకు ఎక్కువ దూరం నడవవచ్చు. మజిలీల సంఖ్య తగ్గితే మోయవలసిన ఆహారమూ తగ్గుతుంది. అన్నిటికీ మొదలు ఆ గుడారమే. అందుకే జార్డిన్ దానిని తీసివేసి, ఆ స్థానంలో నాలుగు మూలలా తాళ్ళు కట్టిన ఒక తేలికపాటి పరదాను ఉంచాడు. మన రైతు కళ్ళంలో ధాన్యం రాశి మీద కప్పే పరదాకు అది దగ్గరి చుట్టమే.

పరదా మేలా, గుడారం మేలా అనే వివాదం ఇప్పటికీ తెగలేదు, తెగదు కూడా. పరదా నాలుగైదు వందల గ్రాములకు మించదు. చేతికర్రలనే గుంజలుగా నిలిపి కట్టవచ్చు. గాలి ధారాళంగా ఆడుతుంది. కాని దోమలు కూడా ధారాళంగానే వస్తాయి. జోరువాన పక్కవాటున కొడితే సగం శరీరం తడుస్తుంది. దానిని కట్టడం ఒక విద్య. గాలి దిక్కు చూసి ఒక పక్క నేలకు దించాలి, తాడు బిగువు తెలియాలి. గుడారానికి ఆ విద్య అంతగా అక్కరలేదు గాని, ఒక్కరు పడుకునేదైనా కిలోకు అటూ ఇటూ తూగుతుంది. తెలిసినవాడికి పరదా, తెలియనివాడికి గుడారం అనడమే న్యాయంగా తోస్తుంది.

గుడారమే కావాలనుకొంటే దాని బట్టను గురించి కొంత తెలుసుకోవాలి. దుకాణంలో చీటీ మీద 15 డెనియర్, 20 డెనియర్ అని వ్రాసి ఉంటుంది. 9,000 మీటర్ల నూలుపోగు ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు. అంటే 20 డెనియర్ పోగును తొమ్మిది కిలోమీటర్ల పొడవున సాగదీసినా తూకానికి ఇరవై గ్రాములే! అంత సన్నని నైలాన్ నేతకు సిలికాన్ పూత పట్టించి వాన ఇంకకుండా చేస్తారు. రెండువైపులా సిలికాన్ పూసిన బట్టకు మామూలు అతుకు పట్టీ అంటుకోదు. కుట్ల మీద సిలికాన్ బంక పూయాలి. ఈ సంగతి తెలియని కొత్తవాడు మొదటి వానకే కుట్ల వెంట బొట్లు పడడం చూసి బట్టను నిందిస్తాడు. నైలాన్‌కు మరొక గుణం ఉంది: తడిసినకొద్దీ సాగుతుంది. సాయంకాలం వీణతీగలా బిగించిన గుడారం అర్ధరాత్రికి జోలెలా వేలాడుతుంది. లేచి తాళ్ళు మళ్ళీ బిగించాలి. పాలిస్టర్ అంతగా సాగదు. పోటీ పడవల తెరచాపల కోసం పుట్టి, ఇప్పుడు డైనీమా అన్న పేరుతో గుడారాలకు ఎక్కిన మరొక బట్ట ఉంది. అది నీటిని పీల్చదు, సాగదు, బరువు అత్యల్పం. వెల మాత్రం మధ్యతరగతి ఇంటి నెలబడ్జెట్‌ను తలకిందులు చేయగలది.

ఇక నీటి పరీక్ష. బట్ట మీద ఒక గొట్టాన్ని నిలిపి నీరు పోస్తూ పోతే, ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు వరకు బట్ట కారకుండా ఆపగలదో అదే దాని అంకె. పైకప్పుకు 1,500 మిల్లీమీటర్లు ఉంటే మామూలు వానకు చాలును. నేలగుడ్డకు అంతకంటె ఎక్కువ ఉండాలి. ఎందుకంటే తడినేల మీద మోకాలు ఆన్చినచోట మనిషి బరువంతా చిన్న వృత్తంలో పడి, కింది నీటిని పైకి నొక్కుతుంది.

వాన ఆగిన రాత్రి కూడా గుడారం లోపల తడి కనిపిస్తుంది. అది బయటి నీరు కాదు, పడుకున్నవాడి ఊపిరి. మనిషి శ్వాస ద్వారా, చర్మం ద్వారా ఒక రాత్రిలో విడిచే నీరు పెద్ద గ్లాసెడుకు తక్కువ ఉండదు. చల్లని నీళ్ళు పోసిన చెంబు వెలుపల చెమర్చినట్లే, చల్లబడిన బట్ట లోపలివైపు ఆ ఆవిరి చెమటగా నిలుస్తుంది. రెండు పొరల గుడారంలో ఆ చెమట బయటి పొర మీద ఆగిపోతుంది, లోపలి వల మనిషిని దానికి తగలనీయదు. ఒకే పొర గుడారం తేలికే గాని, తెల్లవారేసరికి నిద్రసంచి తడుస్తుంది. చలిప్రదేశంలో తడిసిన పక్క ప్రాణాంతకం. కొందరు చలికి భయపడి గాలి కంతలన్నీ మూసి పడుకుంటారు. ఆ మూయడమే వారిని తడుపుతుంది.

తడి కంటె గాలి భయంకరమైనది. గాలి వేగం రెండింతలైతే అది గుడారం మీద వేసే ఒత్తిడి నాలుగింతలవుతుంది. దీనికి తిరుగులేని సాక్ష్యం దక్షిణ ధ్రువఖండంలో ఉంది.

1911 జూన్ 27న, ఆ ఖండంలో సూర్యుడు కనిపించని నడిశీతకాలంలో, ఎడ్వర్డ్ విల్సన్, హెన్రీ బవర్స్, ఆప్స్‌లీ చెర్రీ గారార్డ్ అనే ముగ్గురు కెప్టెన్ స్కాట్ శిబిరం నుండి కేప్ క్రోజియర్‌కు బయలుదేరారు. ఎంపరర్ పెంగ్విన్ పక్షుల గుడ్లను పరిశోధన కోసం తేవడం వారి పని. దూరం వంద కిలోమీటర్లకు పైగా. దారిలో ఉష్ణోగ్రత మైనస్ 60 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది. గమ్యం చేరాక వారు రాళ్ళతో గోడలు పేర్చి, మీద కాన్వాస్ కప్పి ఒక గది కట్టుకొన్నారు. దాని పక్కనే గుడారాన్ని నిలిపారు. పైన కలిసే వెదురు గుంజల మీద బట్ట కప్పి, దాని అంచుల మీద మంచుగడ్డలు పేర్చే గుడారమది. జూలై 22న తుపాను లేచి గుడారాన్ని ఎత్తుకుపోయింది. మరునాడు విల్సన్ పుట్టినరోజు. ఆనాడే రాతిగది మీది కాన్వాస్ ముక్కలు ముక్కలుగా చిరిగిపోయింది. ముగ్గురూ నిద్రసంచుల్లో దూరి, మీద మంచు పేరుకుంటూ ఉంటే పాటలు పాడుకొంటూ పడివున్నారు. గుడారం లేకుండా తిరుగు ప్రయాణం అసాధ్యమని ముగ్గురికీ తెలుసు. ఒకరితో ఒకరు ఆ మాట అనుకోలేదు.

గాలి తగ్గాక చీకటిలో వెతుకుతూ పోయిన వారికి, సుమారు అరమైలు దిగువన, వాలు మీద గుడారం దొరికింది. గుంజలు దగ్గరకు ముడుచుకొని మూసిన గొడుగులా పడివున్నది. చెప్పుకోదగిన నష్టమేదీ లేదు. తిరుగు ప్రయాణంలో బవర్స్ రాత్రిళ్ళు గుడారానికి ఒక తాడు కట్టి, రెండవ కొసను తన శరీరానికి కట్టుకొని పడుకొనేవాడు. అది పోతే తానూ దానితోనే పోవాలని అతని ఉద్దేశం. ఆగస్టు 1న ముగ్గురూ మూడు గుడ్లతో శిబిరం చేరారు. చెర్రీ గారార్డ్ 1922లో వెలువరించిన యాత్రాగ్రంథంలో ఈ ఘట్టం ఉంది. సాహసగాథలంటే ఇష్టపడే విద్యార్థులు వెతికి చదువదగినది.

ఆ ముగ్గురిలో ఇద్దరు, విల్సన్, బవర్స్, మరుసటి ఏడాది స్కాట్‌తో పాటు దక్షిణ ధ్రువం చేరి, తిరిగివస్తూ 1912 మార్చి చివరలో గుడారంలోనే మరణించారు. ఆహారం, ఇంధనం నిలవచేసిన చోటు అక్కడికి 20 కిలోమీటర్లే. నవంబరు 12న వెతుకుతూ వచ్చిన బృందంలో చెర్రీ గారార్డ్ కూడా ఉన్నాడు. మంచులో ఇంచుమించు కూరుకుపోయినా ఆ గుడారం అప్పటికీ నిలిచే ఉంది. శీతకాలపు తుపానులన్నిటికీ అది ఓర్చింది. లోపలి మనుషులకు ఆహారం, వంటకు ఇంధనం అడుగంటాయి. వెదుళ్ళు తీసివేసి, ఆ బట్టనే వారి మీద కప్పి, పైన మంచుతో గుట్ట కట్టారు. సంచిలో గుడారానికి ఎంత చోటివ్వాలో, అన్నానికి ఎంత చోటివ్వాలో లెక్కవేసేవారు ఈ సంగతి మరువరాదు.

మన దేశంలో అంతటి చలి హిమాలయాల ఎగువన తప్ప లేదు. తెలంగాణకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్టు ఎక్కిన తరువాత తెలుగు విద్యార్థులలో కొండల మీద ఆసక్తి పెరిగింది. ఆమె తొలి పాఠాలు భువనగిరి రాతికొండ మీద జరిగాయి. దక్కను ప్రాంతపు ఇటువంటి రాతికొండల మీద ఒక చిక్కుంది: మేకు దిగదు. మేకుల బలంతోనే నిలిచే గుడారం అక్కడ వట్టి గుడ్డమూట. తాళ్ళను బండరాళ్ళకు చుట్టి కట్టుకోవాలి, లేదా తన గుంజల మీద తానే నిలిచే గుమ్మటం వంటిది తీసుకొనిపోవాలి. అది కొంత బరువే, కాని మోయక తప్పదు. సహ్యాద్రిలో వానకాలం నడిచేవాడికి జలగల బెడద ఉంటుంది. అక్కడ అడుగున నేలగుడ్డ, చుట్టూ వల లేని పరదా హాస్యాస్పదమవుతుంది. వేసవిలో తూర్పు కనుమల మీద దోమతెర, మంచును ఆపే పలుచని కప్పు ఉంటే సరిపోతుంది. నల్లమలలో పులుల అభయారణ్యం ఉన్నచోట అటవీశాఖ అనుమతి లేకుండా గుడారం వేయడం నేరం. హిమాలయ పచ్చిక మైదానాలలో రాత్రిపూట విడిది చేయరాదని ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో ఆదేశించింది. గుడారం ఎంత తేలికైనా, రోజూ వందమంది అదేచోట వేస్తే గడ్డి పెరగదు.

కొనేవాడు ఒక మెలికను గమనించాలి. చీటీ మీద పెద్ద అక్షరాలలో ఉండే బరువు చాలాసార్లు గుడ్డకు, గుంజలకు మాత్రమే వర్తిస్తుంది. మేకులు, అదనపు తాళ్ళు, వాటి సంచి, నేల మీద పరిచే మరొక గుడ్డ కలిపితే అంకె మారిపోతుంది. దుకాణంలో త్రాసు అడిగి అన్నింటినీ ఒకేసారి తూచడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. కూరగాయలు తూచకుండా ఎవరు కొంటారు? ఇద్దరి కోసమని వ్రాసి ఉన్న గుడారంలో ఇద్దరూ తమ సంచులతో సహా పట్టాలంటే ఆ ఇద్దరూ అన్యోన్యంగా ఉండాలి. పొడవైనవాడు పడుకొని చూడాలి. కాళ్ళు బట్టకు తగిలితే చెమర్చిన తడి అక్కడినుండే దిగుతుంది.

కొన్న తరువాత నేరుగా కొండకు పోరాదు. ఇంటి పెరటిలోనో, మేడ మీదనో మొదట పగటి వెలుగులో, ఆ తరువాత చీకటిలో, చేతిదీపం కూడా లేకుండా నిలబెట్టి చూడాలి. ఎవరిచేతనైనా బకెట్లతో నీళ్ళు పోయించుకొని లోపల పడుకోవాలి. ఇరుగుపొరుగు నవ్వుతారు. ఏ కుట్టు కారుతున్నదో, ఏ తాడు జారుతున్నదో ఆ నవ్వుల నడుమనే తెలిసిపోతే, బంక పూయడానికి, ముడి మార్చడానికి ఇంకా వ్యవధి ఉంటుంది.